ఒరాలియా తల్లి

హార్లో క్యాంపు, మిషిగన్
27 ఏప్రిల్ 1969

చెల్లీ సెనైదా,

అందరం క్షేమమని రాయాలి కాబట్టి రాస్తున్నాను. నడుము సంగతి అడగకు. నిరుడు ఇచ్చిన గదే ఇచ్చారు, పగిలిన కిటికీ కూడా అదే. మీ బావ ఫిదెన్సియో దానికి అట్ట కొట్టాడు. కూరకు కోసే లేత మొలకలు చలికి ఇంకా నేలపైకి రాలేదు, అవి రాగానే కోత మొదలు. చిన్నవాళ్ళిద్దరూ దగ్గుతున్నారు.

ఇక అసలు విషయం. నా కూతురు లాలాను మాతో తీసుకురాకుండా నీ దగ్గర వదిలింది ఒక్క చదువు కోసం. ఇంకో నెల ఓపిక పడితే పన్నెండో తరగతి అయిపోతుంది, పట్టా చేతికొస్తుంది. మన ఇంట్లో అంతదాకా వెళ్ళింది అదొక్కతే. ఏప్రిల్‌లో ఉత్తరాది పొలాలకు బండెక్కకుండా ఆగిన పిల్ల కూడా అదొక్కతే, నువ్వు కాక. నీ సంగతి వేరు. నీ కాలు అలా ఉంది కాబట్టి అమ్మమ్మ నిన్ను ఆపేసుకుంది, కూర్చుని చదువుకున్నావు.

కొన్ని మాటలు చెబుతాను, మూతి ముడుచుకోకు. దాని జడ అదే వేసుకుంటుంది, నువ్వు వేయకు. పొద్దున్నే నీ బేకరీలో తీపి రొట్టెలు పెట్టి మురిపించకు. అది చిక్కుడు గింజలు, తోర్తియా రొట్టెలు తిని పెరిగిన పిల్ల. దీవెన సంగతి కూడా చెబుతున్నాను. బండెక్కే ముందు దాని నుదుటి మీద శిలువ గుర్తు వేసి నేనే దీవించాను. అది అక్టోబరు దాకా చాలు. రోజూ బడికి వెళ్ళేటప్పుడు నువ్వు మళ్ళీ వేయనక్కర్లేదు.

నువ్వు దాని జ్ఞానతల్లివి, కాదనను. జ్ఞానస్నానం నాడు చేతుల్లోకి తీసుకున్నది నువ్వే. కానీ ఆ పూట ఎత్తుకుని నాకే తిరిగి ఇచ్చావు, గుర్తుంది కదా.

నా కోడిగీతలు చూసి నవ్వుకుంటావని తెలుసు. నవ్వుకో.

మీ అక్క
హెర్లిందా


శాన్ తెల్మో, టెక్సాస్
4 మే 1969

అక్కా,

నీ ఆజ్ఞలన్నీ తలకెత్తుకున్నాను, జడ ఒక్కటి తప్ప. అద్దం ముందు అది తిప్పలు పడుతుంటే చూస్తూ కూర్చోవడానికి నేనేమైనా మేరీమాత బొమ్మనా? వేశాను. రెండు పాయలు వదులుగా వేశాను, నీలాగా పుర్రె ఊడొచ్చేలా కాదు.

ఇప్పుడు ముందు కూర్చో. నిలబడి చదవకు.

బుధవారం రెండో గంట కొట్టగానే మన పిల్లలు బెంచీల మీద నుంచి లేచి, బడి గేటు దాటి రోడ్డు మీద నిలబడ్డారు. ముందు నిలబడింది మన లాలా. ఎందుకంటే, దాని స్నేహితురాలు చాయోను తీసుకుని ఇంట్లోవాళ్ళు మార్చి చివర్లోనే ఉత్తరాదికి వెళ్ళిపోయారు. పరీక్షలు మే నెలలో. రాకపోతే అన్నింట్లోనూ సున్నా వేసి, వచ్చే ఏడు మళ్ళీ అదే తరగతిలో కూర్చోమంటారు. చాయోకిది మూడోసారి. మన వాడలో సగం మంది పిల్లల బతుకు ఇంతే కదా. పొలాలకు వెళ్ళే పిల్లలకు వెళ్ళకముందే పరీక్షలు పెట్టాలని లాలా అడిగింది. ఆటస్థలంలో స్పానిష్ మాట్లాడితే బెత్తంతో కొట్టకూడదని కూడా అడిగింది. ప్రిన్సిపాల్ నవ్వాడట. ఆ నవ్వుతోనే వీళ్ళు లేచారు.

నేను కొట్టు మూసేసి, రెండు పళ్ళేల రొట్టెలు పట్టుకుని కుంటుకుంటూ గేటు దగ్గరికి వెళ్ళాను. ఎండలో మన లాలా ఒక పెట్టె మీద నిలబడి మాట్లాడుతోంది. గొంతు అచ్చం నీ గొంతే, నువ్వు మార్కెట్లో టమాటాల వాడితో పోట్లాడేటప్పటి గొంతు. జనం నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. నాకు పొగరెక్కింది, దాచడం ఎందుకు.

శుక్రవారం బడి బోర్డు వాళ్ళు తల్లిదండ్రులను పిలిచారు. నేను వెళ్ళాను. రెండు ముక్కలు మాట్లాడాను, అంతే.

పిల్లలకు దగ్గు తగ్గకపోతే ఉల్లిపాయ రసంలో తేనె కలిపి పట్టు. బావను అడిగానని చెప్పు. లాలా నీకు రాస్తానంటోంది కానీ దానికి నిద్రపోవడానికే తీరిక లేదు.

నీ దీవెన మీద నేను చెయ్యి వేయలేదు. అది మాత్రం నిజం.

సెనైదా


హార్లో క్యాంపు
11 మే 1969

సెనైదా,

అక్కా అని రాసి మొదలుపెట్టావు, బాగుంది. నేను ఎందుకో చెల్లీ అని రాయలేకపోతున్నాను.

ఊరి నుంచి కూలీలను తెచ్చే పెద్దాయన డాన్ లాసారో బండి ఇవాళ ఇక్కడికి వచ్చింది. వాళ్ళావిడ మన ఊరి పత్రిక తెచ్చింది. ఆదివారం కదా, క్యాంపులో అందరూ పంపు దగ్గర బట్టలు ఉతుక్కుంటున్నారు. అందరి ముందూ దాన్ని నా మొహం మీద పెట్టి చూపించింది. లాలా ఫోటో. పక్కన నువ్వు, నా నీలం శాలువా కప్పుకుని. కింద దాని అసలు పేరుతో ఏం రాశారో డాన్ లాసారో కొడుకు చదివి చెప్పాడు. విద్యార్థి నాయకురాలు ఒరాలియా, ఆమె తల్లి.

ఆమె తల్లి అట. ఆడవాళ్ళంతా నా వైపు చూశారు. ఒకావిడ, అయితే నువ్వెవరివి హెర్లిందా అని అడిగింది, నవ్వుతూనే అడిగిందిలే. నా కడుపు ఎలా మండిపోయిందో నీకు తెలియదు. తెలిసే అవకాశం లేదు, నువ్వు కనలేదు కదా. ఈ మాట రాశాక కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయను.

రెండు ముక్కలు మాట్లాడానని రాశావు. ఆ రెండు ముక్కలూ ఇవేనా, నేను తల్లిని అని?

దాన్ని చదువుకోమని నీ ఇంట్లో పెట్టాను, నువ్వు రోడ్డు మీద పెట్టావు. బడి మానేసి రోడ్డెక్కితే పట్టా ఎవరిస్తారు? నేను బడి ఎందుకు మానేశానో మర్చిపోయావా? మర్చిపోయే ఉంటావు. నువ్వు ముందు బెంచీలో ఉండేదానివి. ఏటా నవంబరులో నేను తిరిగొచ్చేసరికి నా పక్కన చిన్నపిల్లలు, ఇంకా చిన్నపిల్లలు. చివరికి నాకంటే చిన్నదానివి నువ్వే నా తరగతికి వచ్చేశావు. టీచరమ్మ నన్ను నిలబెట్టి, చూడండి, ఈ బద్ధకపు పిల్ల ఇంకా ఇక్కడే ఉంది అంటే, నువ్వు బల్లకేసి చూస్తూ కూర్చున్నావు. ఆ సంగతి లాలాకు నేనెప్పుడూ చెప్పలేదు. పెళ్ళి కుదిరి మానేశానని చెప్పాను. నువ్వు చెప్పావని తెలిసిందా, ఇక మన మధ్య ఉత్తరాలుండవు.

చదువు నీకు దక్కింది. ఇల్లు దక్కింది, అమ్మమ్మ నీ చేతుల్లో పోయింది. ఇప్పుడు నా పిల్ల కూడా కావాలా నీకు?

శాలువా పెట్టెలో పెట్టేయి.

హెర్లిందా


శాన్ తెల్మో
15 మే 1969

అక్కా,

శాలువా ఉతికి, మడిచి, పెట్టెలో పెట్టాను. లాలాయే తీసి నాకు కప్పింది, హాల్లో చలిగా ఉంటుంది నీనా అని. జ్ఞానతల్లిని పిలిచినట్టు నన్ను నీనా అనే పిలుస్తుంది, అమ్మా అని ఏనాడూ పిలవలేదు. నీకు ఆ భయం అక్కర్లేదు.

నువ్వు కనలేదు కదా అని రాశావు. ఊళ్ళో అందరూ అనే మాటే. నీ చేతిరాతలో చదవడం మాత్రం మొదటిసారి. ఆ రోజు పిండి కలుపుతూ ఉప్పు వేయడం మర్చిపోయాను, రొట్టెలన్నీ పారబోశాను.

అక్కడ ఏం జరిగిందో ఇప్పుడైనా విను. బోర్డు వాళ్ళు తలుపు దగ్గరే చెప్పారు, కన్న తల్లిదండ్రులు తప్ప ఎవరూ మాట్లాడకూడదని. హాల్లో కుర్చీలన్నీ ఖాళీ. ఎందుకు ఖాళీ? మీరంతా మిషిగన్‌లో, ఒహాయోలో నడుములు వంచుకుని ఉన్నారు కాబట్టి. అది వాళ్ళకు బాగా తెలుసు, అందుకే మే నెలలో పిలిచారు. అధ్యక్షుడు ఆ కుర్చీలు చూసి, ఈ పిల్లల గురించి వాళ్ళ ఇళ్ళల్లోనే ఎవరికీ పట్టలేదు, మనం ఎందుకు పట్టించుకోవాలి అన్నాడు. లాలా మొహం చూడాల్సింది నువ్వు. ఇక నా వల్ల కాలేదు. లేచి నిలబడి, నేను దీని తల్లిని అన్నాను. మన దగ్గర జ్ఞానతల్లిని తల్లి అనడం తప్పా? పుట్టినప్పటి నుంచి విన్న మాటే నోట్లోంచి వచ్చింది. తెల్ల గ్రింగో దొరలకు అలాంటి తల్లి లెక్కలోకి రాదని అప్పుడు నాకు తోచలేదు.

ఎవరో ఉప్పందించారు. మంగళవారం బోర్డు నుంచి మనిషి వచ్చాడు. అబద్ధం చెప్పి సభలో మాట్లాడినందుకు నా మీద, అది నేర్పినందుకు లాలా మీద చర్య తీసుకుంటారట. ఈ నెల 23న మళ్ళీ సభ. ఆ రోజు కన్నతల్లి స్వయంగా వచ్చి, పిల్ల చేసిన తప్పుకు క్షమాపణ చెబితే పరీక్షలు రాయనిస్తారు. లేదంటే పేరు కొట్టేస్తారు. పన్నెండేళ్ళ చదువు అక్కడితో సరి. నా వల్లే ఇలా అయింది.

లాలా మాత్రం, అమ్మను పిలవొద్దు నీనా, పని పోతుంది అంటోంది. రాత్రి నిద్రలో ఎవరి పేరు కలవరిస్తుందో చెప్పనా? చెప్పను. నాకూ కడుపుంది, అదీ మండుతుంది. జడ నేను వేస్తాను, అన్నం నేను పెడతాను. గడప దగ్గర ఏ బండి చప్పుడైనా తల తిప్పి చూసేది మాత్రం నీ కోసం.

నీ ఆరో తరగతి సంగతి నేను దానికి చెప్పలేదు. చెప్పాలని చాలాసార్లు అనిపించింది.

రావడం కుదరదని నాకు తెలుసు. రాకపోయినా ఏమీ అనుకోను. నువ్వు రావాలి.

సెనైదా


హార్లో క్యాంపు
18 మే 1969

సెనైదా,

వస్తున్నాను. ఈ ఉత్తరం ముందు చేరుతుందో, నేను ముందు చేరుతానో. 26వ తేదీ సోమవారం పొద్దుటికి మళ్ళీ సాలులో లేకపోతే గది వేరేవాళ్ళకిస్తానన్నాడు మేస్త్రీ. ఫిదెన్సియో, నువ్వు వెళ్ళు, నేను నీ సాలు కూడా కోస్తాను అన్నాడు. ఆయన నడుము నా నడుముకంటే అధ్వానం.

బస్సు దగ్గరికి నువ్వు రావద్దు, లాలాను పంపు. సభలో నా పక్కన కూర్చో, ముందు మాత్రం కూర్చోకు. తల్లి ఎవరని అడిగితే నోరు మూసుకో.

క్షమాపణ సంగతి బస్సులో ఆలోచిస్తాను.

హెర్లిందా


హార్లో క్యాంపు
28 మే 1969

సెనైదా,

ఆదివారం చీకటి పడ్డాక చేరాను. గది మాకే ఉంది. సోమవారం సాలులో ఉన్నాను. లాలాకు పరీక్షలు రాయడానికి ఒప్పుకున్నారు కాబట్టి నేను సంతోషంగా ఉండాలి. ఉన్నాను. అయినా ఒక ముల్లు గుచ్చుకుని ఉండిపోయింది. తీసి నీ ముందు పెడుతున్నాను.

నన్ను లేవమన్నారు, లేచాను. ఇంగ్లీషులోనే మాట్లాడాలన్నాడు అధ్యక్షుడు. నాకు రాదంటే, నువ్వు తిరగేసి చెబుతానన్నావు, వాడు మొహం చిట్లించి సరేనన్నాడు. అక్కడ కూడా నీ చదువే కావలసి వచ్చింది. నేనేం అన్నాను? నేను ఒరాలియా తల్లిని, క్షమాపణ చెప్పడానికి రాలేదు, నా కూతురు అడిగిందాంట్లో తప్పు లేదు. బస్సులో రెండు రోజులు కుట్టుకుంటూ వచ్చిన మాటలు ఇవే, ఇంతే.

నువ్వు చెప్పడం మొదలుపెట్టావు. ముందు కొంచెమే చెప్పావు. అధ్యక్షుడు ఏదో అడిగాడు. ఇక నువ్వు ఆగలేదు. నా మూడు మాటలకు అంత పెద్ద ప్రసంగం ఎందుకు సెనైదా? చేతులు తిప్పావు, నీ కాలు చూపించావు, నా కాళ్ళు చూపించావు. ఈసారి పిల్లలతో, ఊరివాళ్ళతో నిండిన హాలంతా తిరిగి నన్ను చూసింది. నా బూట్లకు మిషిగన్ మట్టి ఉంది, బస్సులో కడుక్కోవడానికి నీళ్ళు లేవు. దాన్నే చూస్తున్నారనుకుని, కూర్చుని కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాను. తర్వాత చప్పట్లు కొట్టారు. నేను మాట్లాడినప్పుడు ఒక్కరూ కొట్టలేదు, నీ తర్వాత కొట్టారు. లాలా ఏడుస్తూ పరుగెత్తుకొచ్చి నీ మెడ పట్టుకుంది. నీ మెడ. నేను పక్కనే ఉన్నాను.

బస్సు మెట్ల మీద అది నా చెయ్యి పట్టుకుని, విన్నావా అమ్మా, నీనా ఏం చెప్పిందో అని అడిగింది. విన్నానన్నాను. నాకు అర్థం కాలేదని దానితో ఎలా చెప్పను? పట్టా తీసుకోబోయే పిల్ల అది.

కాబట్టి నిన్ను అడుగుతున్నాను. నా నోట్లో ఏ మాటలు పెట్టావు? క్షమాపణ చెప్పావా నా తరఫున? అందుకేనా వాళ్ళు ఒప్పుకుంది? నిజం రాయి.

శుక్రవారం పట్టాల పండగ. నువ్వు ముందు వరసలో కూర్చుంటావు. నేను వంగి మొలకలు కోస్తుంటాను. ఈ ఉత్తరం నీకు చేరేసరికి అదీ అయిపోయి ఉంటుంది.

హెర్లిందా


శాన్ తెల్మో
2 జూన్ 1969

అక్కా,

నీ ముల్లు తీస్తాను. కదలకు.

నీ మూడు మాటలూ నీ మూడు మాటలుగానే చెప్పాను. నీ నోట్లో నేను ఏమీ పెట్టలేదు, క్షమాపణ అసలే పెట్టలేదు. ఆ మాటలు వినగానే వాళ్ళ మొహాలు మాడిపోయాయి, నువ్వు చూడలేదా? అప్పుడు అధ్యక్షుడు నీ వైపు కాదు, నా వైపు తిరిగాడు. పోయినసారి నువ్వే తల్లినన్నావు, అది అబద్ధమా అని అడిగాడు. నేను ఆగకుండా మాట్లాడింది దానికి జవాబు. అది నా మాట, నీది కాదు.

ఏం చెప్పానో రాస్తున్నాను, ఇంగ్లీషులో కాస్త తప్పుల తడకగా వచ్చింది, ఇక్కడ బాగుచేయను.

అవును, అబద్ధమే అన్నాను. నేను తల్లిని కాను, జ్ఞానతల్లిని. ఇదిగో, తల్లి ఈవిడ. నేనూ ఈవిడా ఈ బడిలోనే చదివాం, ఒకే గదిలో. లెక్కల్లో ఈవిడ నాకంటే చురుకు, నా లెక్కలు కూడా ఈవిడే చేసిపెట్టేది. ఏప్రిల్ రాగానే ఈవిడను బండెక్కించేవాళ్ళు. నా కాలు చూడండి. ఈ కాలుతో సాళ్ళలో నడవలేనని నన్ను ఇంట్లో వదిలేసేవాళ్ళు. నా కాలు పాడైంది కాబట్టి నేను ఎనిమిదో తరగతి పాసయ్యాను. ఈవిడ కాళ్ళు బాగున్నాయి కాబట్టి ఆరో తరగతి దాటలేదు. మీ టీచరమ్మ ఈవిడను నిలబెట్టి బద్ధకపు పిల్ల అంది. ఈ బద్ధకపు పిల్ల రెండు రోజులు బస్సులో కూర్చుని, పొలంలో నుంచి నేరుగా ఇక్కడికి వచ్చింది, ఆ బూట్ల మట్టి చూడండి. వీళ్ళకెవరికీ పట్టలేదని ఈ కుర్చీలు చూసి అన్నారు కదా, ఇప్పుడు అనండి.

హాలంతా నీ వైపు తిరిగింది అందుకు. మట్టినే చూశారు, నువ్వనుకున్నది నిజమే. చప్పట్లు నీ కాళ్ళకు కొట్టారు అక్కా, ఆ చప్పట్లకే బోర్డు వాళ్ళు తలొగ్గారు. నువ్వేమో వాటిని కుర్చీ కింద దాచుకున్నావు.

లాలా నా మెడ పట్టుకుని ఏం అడిగిందో తెలుసా? అమ్మ నాకెందుకు చెప్పలేదు నీనా, పెళ్ళి కోసం మానేశానంది కదా, అని అడిగింది. ఇంకేమీ అడగలేదు. నీ దగ్గరికి రావడానికి సిగ్గుపడింది, నువ్వు అప్పటికే బస్సు కోసం మూట సర్దుకుంటున్నావు. చెప్పొద్దన్న సంగతి ఊరందరి ముందూ చెప్పేశాను. ఇక ఉత్తరాలుండవన్నావు, రాయకపోతే రాయకు. ఆ గదిలో బల్లకేసి చూస్తూ కూర్చున్నది నేనే, ఇంకోసారి అలా కూర్చోలేకపోయాను.

వచ్చే ఏడు నుంచి, వెళ్ళే పిల్లలకు మార్చిలోనే పరీక్షలు పెడతామని రాసిచ్చారు. స్పానిష్ సంగతి మాత్రం తేల్చలేదు. పిల్లలు సెప్టెంబరులో మళ్ళీ అడుగుతారట. చాయో వాళ్ళకు కబురు పెట్టమని లాలా నన్ను తరుముతోంది.

శుక్రవారం వేదిక మీద లాలా పేరు పిలిచారు. అది వెళ్ళి పట్టా అందుకుని, మైకు దగ్గర ఆగింది. ఆగకూడదు, ఎవరూ ఆగరు. ఇది, ఈ బడి ఆరో తరగతి దాటనివ్వని హెర్లిందా కోసం అని స్పానిష్‌లో చెప్పింది. ప్రిన్సిపాల్ గొంతులో వెలక్కాయ పడ్డట్టు చూశాడు. అందరి ముందూ బెత్తం తీయలేడు కదా. నా పేరు చెప్పలేదు. చెబుతుందేమోనని ఎదురుచూశాను, చెప్పలేదు. ఆ రాత్రంతా నీ మీద కుళ్ళుకున్నాను, పుట్టినప్పటి నుంచి కుళ్ళుకున్నదంతా ఒక ఎత్తు, ఆ రాత్రి ఒక ఎత్తు. ప్రతి ఏప్రిల్‌లో ఆ బండి మలుపు తిరిగేదాకా నేను కిటికీ దగ్గర నిలబడి ఏడ్చేదాన్ని. నువ్వు నా బెంచీని చూసి ఏడ్చావు, నేను నీ బండిని చూసి ఏడ్చాను. ఇద్దరం బాగానే ఏడ్చాం.

గురువారం బస్సుకు లాలా బయల్దేరుతోంది. నేను బతిమాలినా ఆగడం లేదు, ఒకటో తారీఖు నుంచి స్ట్రాబెర్రీలు మొదలయ్యాయి, అమ్మా నాన్నా ఇద్దరే కోస్తున్నారు అంటోంది. బడి గురించి, పై చదువు గురించి అక్కడ నువ్వే మాట్లాడు దానితో. జడ వదులుగా వేయి, దానికి అలాగే ఇష్టం. గడప దాటేటప్పుడు దీవెన నేను వేస్తాను, నువ్వు ఊరుకో. ఏప్రిల్లో నువ్వు వేసింది ఎప్పుడో అయిపోయింది, ఈ పిల్ల వాడేసింది.

పట్టా మాత్రం పంపడం లేదు. క్యాంపులో తడిసిపోతుంది. అద్దం కట్టించి బేకరీ గోడకు నా తలకు పైన, వచ్చేవాళ్ళకు కనపడేలా తగిలించాను. అక్టోబరులో వచ్చి తీసుకో. అప్పటిదాకా రోజూ పొద్దున్నే దాన్ని చూసేది నేను.

దానికి కుళ్ళుకో.

నీ చెల్లెలు
సెనైదా